ఈరవ్వ చెప్పే ఆఖరు

ఎడపల్లి. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలే కాలం. ఇంటి ముందు అరుగు మీద బీడీలు చుడుతూ తోడికోడళ్ళు ఇద్దరు: పెద్దామె ఈరవ్వ, చిన్నామె గంగు. నిన్న సాయంత్రం గంగు తన భర్త ఆత్మారాంతో, ఆరేళ్ళ కూతురు రుక్కుతో బోధన్ పోయి సినిమా చూసి వచ్చింది.

“గట్ల కాదక్కా. మొదటికెల్లి సెప్త, ఇను. ఇద్దరు అవ్వలుంటరు.”

“ఒక్క పిల్లకా?”

“ఒక్క పిల్లకే. ఒకామె కన్నది, ఇంకొకామె పెంచింది.”

“మంచి సినిమానే దొరికింది నీకు. ఎవలు సెప్పిండ్రు గంగూ, గీ సినిమాకే పొమ్మని?”

“ఎవలు సెప్తరు. నీ మరిదే తోల్కవోయిండు. ఫ్యాక్టరీ కాడ గోడ మీద కాయితం సూసిండట, పిల్ల బొమ్మ మంచిగున్నదని.”

“పిల్ల బొమ్మ మంచిగున్నదని. ఊఁ. సెప్పు.”

“కన్నామె పేదది. దగ్గు. మిషిను కుట్టుకుంట బతుకుతది.”

“సినిమాల పేదోళ్ళంత మిషినే కుడ్తరు. ఒక్కతన్న బీడీలు సుట్టదు.”

“బీడీలు సుట్టెటోళ్ళను సూపిస్తే ఎవలు సూస్తరక్కా.”

“నేను సూస్త. సరే, గంత దగ్గుంటే పిల్లనెట్ల సాకింది?”

“సాకలే. అందుకే గద ఇంకొకామెకిచ్చింది.”

“ఇచ్చిందా, ఆమె తీస్కపోయిందా?”

“ఇచ్చిందనే అంటున్న అక్కా.”

“నేనడిగేది సినిమా సంగతే.”

“నేను సెప్పేది గూడ సినిమా సంగతే.”

“పెంచినామె ఎట్లుంటది?”

“మస్తు ఉన్నోళ్ళు. మేడ, మేడకు మెట్లు. పట్టుసీర కట్టుకోనే పండుకుంటది.”

“బువ్వ ఎవలు వండుతరు?”

“ఎవ్వలు వండరు. ఒక్కపారి గూడ పొయ్యి సూపియ్యలే.”

“బువ్వ వండక, నెత్తి దువ్వక, ముక్కు తుడవక, ఇగ ఆమె పెంచుడేంది?”

“పాట పాడింది.”

“పాటకు పిల్ల పెరుగుతదా? రుక్కుకు తట్టు వోసినప్పుడు నేను పాట పాడిన్నా? యాపమండ వట్టుకోని కూసున్న. నీకు యాదుండదులే, కాన్పయినకాడికెల్లి నువ్వు మంచంల ఉంటివి.”

“యాదున్నది. మంచంల ఉన్నా కండ్లు కనవడ్డయి.”

“నేనేమన్న.”

“ఏమనలే. ఆకు ఇటు జరుపు.”

“ఆకు తడిగున్నది, సూసి కత్తిరియ్యి. మొన్నటి కట్టలు వాపసొచ్చినయి, నువ్వు సుట్టినయే. పెంచినామె మంచిదా, సెడ్డదా?”

“ఏం సెప్పాలె. ముందుగాల మంచిగనే ఉంటది. కన్నామె వచ్చినంక మాత్రం తలుపు తియ్యది.”

“ఎట్ల తీస్తది?”

“ఎందుకు తియ్యొద్దు? కన్నది గాదా ఆమె?”

“ఇన్నొద్దులు ఏడవోయింది? దగ్గు తగ్గినంక యాదికొచ్చిందా?”

“దగ్గున్నప్పుడు గూడ యాదికుండె. లేవరాకపోయె. లేవరానోళ్ళకు బిడ్డ మీద పాణం ఉండదా అక్కా? పక్కర్రల బిడ్డ ఏడుస్తుంటది, ఇంకొకలు ఎత్తుకుంటరు, ఊకుంటది. ఆ ఊకున్నది ఇనవడుతది సూడు, అది ఏడ్సుడు కంటె కష్టమయితది.”

“గిది సినిమాల అన్న మాటనా, నువ్వన్న మాటనా?”

“సినిమాలదే. జర వేరే తీరుగ అన్నది. ఆంధ్రకెల్లి వచ్చి మన క్యాంపుల ఉండే రాధాకుమారమ్మ లెక్క మాట్లాడుతరు గద వాళ్ళు.”

“సినిమాల అందరు క్యాంపోళ్ళే. మన తీరు మాట్లాడెటోడు ఒక్కడుండడు.”

“దీంట్ల ఉన్నడొకడు. ఆ మేడల గుర్రంబండి తోలెటోడు. నోరు తెరిస్తే చాలు, అందరు నవ్విండ్రు.”

“నువ్వు నవ్వినవా?”

“నవ్విన. నీ మరిది గూడ నవ్విండు.”

“రేపు బోధన్ల కాపురం వెడితే నన్ను సూసి గూడ నవ్వుతరు మీరు.”

“గదేం మాట అక్కా.”

“ఊకెన్నే అన్న. రాధాకుమారమ్మ కూలోళ్ళకు కథల పుస్తకం సదివి ఇనిపిస్తదన్నవ్ గద, దాంట్ల తోడికోడళ్ళు ఎట్లుంటరు?”

“పెద్దకోడలు దేవత. ఎంత తిట్టినా నవ్వుతనే ఉంటది. ఆఖరుకు అందరు ఆమె కాళ్ళు మొక్కుతరు.”

“సినిమాల రాక్షసి, పుస్తకంల దేవత. మనుషుల లెక్క ఉండే పెద్దకోడలు యాడ దొరకదా వాళ్ళకు?”

“దొరికినా ఏం రాస్తరు. పొద్దంత తంబాకు దుమ్ముల కూసునేదాన్ని.”

“రుక్కు ఎవలి కాడ కూసున్నది?”

“ఎప్పుడు?”

“సినిమాల.”

“నా ఒళ్ళె. ఆడోళ్ళ పరద దిక్కు కూసున్నం. గాజుల బిల్కిస్ గూడ వచ్చింది, ఆమె పక్కకే. ఇంటర్వెల్ల పల్లీలు గూడ వెట్టింది రుక్కుకు.”

“సినిమా అంత ఒళ్ళె కూసున్నదా?”

“అంత.”

“నా ఒళ్ళె గంతసేపు కూసోదు. కాళ్ళు ఆడిస్తనే ఉంటది.”

“సినిమా గద. కదల్లే.”

“నేను కథ సెప్పినప్పుడు గూడ కదులుతది. నీ ఒళ్ళె కదల్లేదన్నట్టు.”

“ఒక్కనాడు కూసుంటెనే గిట్లంటవ్. నాకు ఆరేండ్ల సంది కూసోలే అది.”

“కూసోలేదని కూసోవెట్టను వోయినవా బోధన్?”

“సినిమాకు వోయిన.”

“మరి పొద్దుగాల తలకు నూనె వెడ్తనంటె నా సెయ్యి సూసి ఎందుకు ఉరికింది?”

“ఆడుకోను వోయిందేమో.”

“ఆడుకోను గాదు. గడప కాడ నిలవడి నన్నే సూసింది. రా బిడ్డా అని ఒక అడుగు ఏస్తే రెండడుగులు ఎనుకకు వోయింది. నేను దాన్ని ఎన్నడన్న కొట్టిన్నా?”

“కొట్టలే.”

“నువ్వేం సెప్పినవ్ దానికి?”

“నేనేం సెప్పలే అక్కా.”

“బోధన్ల అర్ర దొరికింది, బేస్తవారం పోతున్నం, నువ్వు గూడ మాతోని వస్తున్నవ్ అని సెప్పినవా?”

“దానికి తెల్వదా. నీ మరిదికి ఫ్యాక్టరీల పర్మనెంటయిన కానుంచి ఇంట్ల అదే ముచ్చట.”

“మీ ఇద్దరి ముచ్చట. పిల్లను తోల్కపోతమని నాతోని నువ్వు అనలే, నీ మొగడు అనలే. అటుక మీదికెల్లి సందుగు మాత్రం దించిండ్రు.”

“అడుగుదమనే అనుకున్న.”

“ఎప్పుడు? బండి కట్టినంకనా?”

“దారం ఇయ్యి. నా కాడ అయిపోయింది.”

“ఇగో. రాత్రి నిద్ర గూడ లేదు నాకు. పిల్లొకటి మొకం మీదికి వచ్చింది.”

“పిల్లా?”

“ఏమో. మీరొచ్చింది గూడ తెల్వది, మీ బావనే తలుపు తీసిండట. ఏ జామున్నో మూతి మీద మెత్తగ తగిలింది. దులుపుకోని అటు మల్లి పండుకున్న. జరసేపటికి మల్లొచ్చింది. పాలగిన్నె మీద మూత తీసిపెట్టినవా ఏంది?”

“...తీయలే.”

“మరెట్లొచ్చిందో. సరే, సినిమా సెప్పు. తలుపు తియ్యలే. ఆ తర్వాత?”

“తర్వాత ఏమున్నది. కన్నామె వానల నిలవడుతది. పిల్ల కిటికీకెల్లి సూస్తది. పాట. మల్ల పెంచినామె పెనిమిటి వస్తడు.”

“ఇంతసేపు ఏడవోయిండు?”

“సినిమాల మొగోళ్ళు ఎప్పుడు బయటికెల్లే వస్తరు. వచ్చి, పిల్లనే అడుగుదమంటడు. నీకు ఎవలు కావాలె బిడ్డా అని.”

“పిల్లను అడుగుతరా గట్ల? బుద్ధి లేదా వానికి?”

“అడిగిండు. పిల్ల ఇటు సూసింది, అటు సూసింది. గాడిదాక సూసినమక్కా. బస్సు యాళ్ళయింది, లేసినం.”

“ఎప్పటి లెక్కనే.”

“ఎప్పటి లెక్కనే.”

“ఈ ఊరోళ్ళ తమాషా ఇదే. ఆఖరు బస్సు తొమ్మిదికెల్తది, సినిమా ఖతమయ్యేది ఇంకా జరసేపటికి. ఇంతమంది వోతరు, ఎవ్వలన్న ఆఖరు సూసిండ్రా?”

“సూడలే. అందుకే గద నీ కాడికి వచ్చేది.”

“ఔ మరి. వాడకట్టు ఆడోళ్ళంత సాటలు వట్టుకోని వచ్చి గీ అరుగు మీదనే కూసుంటరు. ఈరవ్వా, గీడిదాక సూసినం, ఇగ నువ్వు సెప్పు అంటరు. నేను టాకీసు గడప తొక్కకుంటనే సెప్తున్న గద.”

“నీ ఆఖరుల ఎవ్వలు సావరు.”

“ఎందుకు సంపాలె? ఎనుకటి సినిమాల పాము కరిసిన పిల్లగాణ్ణి గూడ లేపి కూసోవెట్టిన. తప్పిపోయినోళ్ళు దొరుకుతరు, అలిగినోళ్ళు వస్తరు, అందరు ఒక్క వరుసల కూసోని బువ్వ తింటరు. తిననీ.”

“రుక్కు సినిమా అంటె గదే అనుకుంటది. ఎంత ఏడిసినా ఆఖరుకు బువ్వ తింటరని.”

“అనుకోనీ, ఏం తప్పు? గీ సినిమాకు గూడ సెప్తనా?”

“వద్దక్కా.”

“ఎందుకు?”

“ఈపారి నేను సెప్త.”

“నువ్వా? నువ్వెన్నడు సెప్పలే.”

“ఎప్పుడు నువ్వే సెప్పాల్నా? పిల్లను సాకేది నువ్వే, పైస పట్టుకునేది నువ్వే, సినిమాల ఆఖరు గూడ నీదేనా? ఈపారి నేను సెప్త. పిల్ల కన్నతల్లి కాడికి వోతది.”

“నీకెట్ల తెలుసు?”

“గట్లనే అయితది.”

“మరి పెంచినామె?”

“ఆమె కుషీగ తోలిస్తది. పిల్లకు కొత్త గౌను తొడిగి, బొట్టు వెట్టి, ఇద్దరిని మెట్ల దాక దిగవెడ్తది.”

“కుషీగ?”

“ఔ, కుషీగ.”

“గంగూ, బీడీ కింద వెట్టి నా మొకం సూడు.”

“సూస్తున్న.”

“బస్సు ఖరాబయి రాత్రి పొద్దువోయిందన్నవ్ పొద్దుగాల.”

“ఔ. టైరు.”

“కొమురయ్య పెండ్లాం బాయి కాడ కలిసింది. ఫ్యాక్టరీల సెరుకు దించి వాపసొచ్చే ఖాళీ బండిల మిమ్మల్ని తెచ్చిండట కొమురయ్య.”

“టైరు వోయినంక బండెక్కినం.”

“టాకీసు ముందట ఎక్కిచ్చుకున్నడట. బస్సు కాడ గాదు. టాకీసు ముందట. సినిమా ఇడిసినంక.”

“ఔ.”

“ఆఖరుదాక కూసున్నవ్.”

“కూసున్న.”

“ఊరు ఊరంత కూసోనిది నువ్వెందుకు కూసున్నవ్ గంగూ?”

“ఆ పిల్ల ఎవలికి వోతదో సూడాల్నని. నీ మరిది పరద అవుతలికెల్లి పిలిసిండు, బస్సు పోతది లెవ్వమని. పోనీ అన్న. నేను లెవ్వలే.”

“మరి సూసినవా?”

“సూసిన. నేను సెప్పినట్టే. కన్నామెకే వోయింది. నాకు మస్తు కుషీ అయిందక్కా. అబద్ధమెందుకు. నా బిడ్డ నిన్ను అవ్వ అంటది. నన్ను గంగు అంటది, నువ్వు పిలిసినట్టు. కడుపునొస్తే నన్ను దాటి నీ పక్కలకు వోతది. దాని ఎంటికలు వాసన సూస్తే నీ నూనె వాసన, నీ సీర వాసన. నేను కన్నది యాడున్నదా అని ఎతుక్కోవాలె. ఆరేండ్ల సంది మండుతున్న. నిన్న ఆ పిల్ల ఉరికొచ్చి కన్నామె మెడ వట్టుకుంటే, బిల్కిస్ ఏడుస్తున్నది, నేను నవ్వుతున్న.”

“నేను మండలేదనుకున్నవా?”

“నీకేం మంట. పిల్ల నీ కాడనే ఉండె.”

“కాడ ఉంటే సరిపోతదా? పాలు లేని రొమ్ము నోట్ల వెట్టి ఊరడిచ్చిన దాన్ని. తట్టు నాది, జరం నాది, నోట్ల ముద్ద నాది. మూతి నీది. నడక నీది. నవ్వితే సొట్ట గూడ నీదే. అంగడికి తోల్కపోతే ఒక్కలన్న ఈరవ్వ బిడ్డ అంటరా? గంగు బిడ్డ మంచిగ పెరిగింది అంటరు. ఇంటికొచ్చి దాని మొకం కడుగుతుంటే నీ మొకం కడిగినట్టుంటది నాకు. గట్టిగ రుద్దాల్ననిపిస్తది ఒక్కోపారి.”

“రుద్దినవా?”

“రుద్దలే. ఏడుస్తదని.”

“నాకు ఎన్నడు సెప్పలే నువ్వు.”

“నువ్వు సెప్పినవా? సరే ఇను. దాని బట్టలు మడతవెట్టి పొద్దుగాలనే సందుగుల వెట్టిన. ఎర్ర గౌను మీదికెల్లి ఉన్నది.”

“నేనింకా అడగనే లేదు గద అక్కా.”

“నువ్వడిగేదాక ఉండాల్నా? నా సెయ్యి సూసి ఉరికే పిల్లను నేనెందుకు ఆపుకోవాలె. ఒక్క సినిమాకు నీదయిపోయింది. తోల్కపో. ఆ పెంచినామె లెక్క మెట్లు లేవు నాకు, గడప దాక వస్త. కుషీ మాత్రం నా కాడ అడగకు.”

“ఆమె కుషీగ తోలియ్యలే అక్కా.”

“ఏంది?”

“అది నేను కల్పిచ్చి సెప్పిన. కుషీగ తోలియ్యలే.”

“మరేం సేసింది? కొట్లాడిందా?”

“పిల్లను దగ్గరికి పిలిసింది. నెత్తి మీద సెయ్యి వెట్టింది. పో బిడ్డా అన్నది. అట్లనే ఒరిగింది.”

“ఒరిగి?”

“సచ్చిపోయింది.”

“నెత్తి మీద సెయ్యి వెడితే సస్తరా?”

“సినిమాల సస్తరు.”

“ఏం రోగముండె?”

“రోగమేం లేదు. మంచిగనే ఉండె.”

“ఏం లేకుంట సంపిండ్రా? ఇద్దరిని ఒక్కింట్ల ఉంచరాదా, గంత పెద్ద మేడ ఉండె గద.”

“ఎట్ల ఉంచాల్నో వాళ్ళకు తెల్వదేమో.”

“మనకు తెలుసా?”

“మనకు గూడ తెల్వదక్కా. తెలిస్తే గిట్లెందుకుందుం.”

“రుక్కు గూడ సూసిందా అది?”

“నా ఒళ్ళె కూసోని సూసింది. అది పుట్టినకాడికెల్లి నీ ఆఖరులే ఇన్నది. లేస్తదేమో, బువ్వకు కూసుంటరేమో అని సూస్తనే ఉన్నది. కరెంటు బుగ్గలు ఎలిగినయ్, జనమంత లేసిండ్రు, అది లెవ్వలే. ఎత్తుకొని వచ్చిన.”

“ఏడ్సిందా?”

“ఏడ్వలే. బండిల ఎల్లకిల పండుకోని, ఎడపల్లి చెరువు దాటినంక అడిగింది.”

“ఏమని?”

“నేను బోధన్ వోతుంటే అవ్వ గూడ నా నెత్తి మీద సెయ్యి వెడ్తదా గంగూ, అన్నది.”

“...నువ్వేమన్నవ్?”

“వెడ్తది, పెద్దోళ్ళు వెట్టరా అన్న. నాకేం తెలుసు. నేనింకా నా కుషీల ఉన్న. ఇగ మాట్లాడలే అది.”

“అందుకా పొద్దుగాల.”

“అందుకే. నీ సెయ్యి దాని నెత్తికి తగలొద్దని.”

“దానికేమన్న అయితదని భయమా?”

“దానికి గాదు.”

“...యాడున్నది ఇప్పుడు?”

“ఇంటి పక్క సందుల. గోడ సాటుకెల్లి నిన్నే సూస్తున్నది, పొద్దటికెల్లి. లెవ్వకు, ఉరుకుతది మల్ల. ముందుగాల సందుగులకెల్లి దాని బట్టలు తియ్యి అక్కా.”

“ఎందుకు?”

“బేస్తవారం మేమిద్దరమే పోతం. అది ఈడనే ఉంటది.”

“నువ్వు గూడ షురూ చేసినవా, సినిమాల అవ్వల లెక్క? నాకు భిక్షమేసినట్టు ఇయ్యకు గంగూ. నాకొద్దు గసోంటిది.”

“భిక్షం గాదు, ఏం గాదు. నా కడుపు ఇంకా కాలుతనే ఉన్నది నిన్ను సూస్తుంటే.”

“మరి?”

“రాత్రి మొకం మీదికి పిల్లి వచ్చిందన్నవ్ సూడు.”

“ఔ. మూతి మీద, మెత్తగ. అయితే ఏంది?”

“పిల్లి గాదక్కా, రుక్కు. నీకు ఊపిరాడుతున్నదా లేదా అని ముక్కు కాడ సెయ్యి వెట్టి సూసింది. వచ్చి పండుకున్నది, మల్ల లేసి వోయి సూసింది. నేను పక్కనే కండ్లు తెరుసుకోని ఉన్న. నా దిక్కు ఒక్కపారన్న రాలే.”